ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతోంది, ఆయిల్‌లో నానో పొడి కలిపితే తగ్గుతుందా?

రాత్రిషిఫ్ట్
మా సబ్‌స్టేషన్‌లో ఒక పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌తో మూడు నెలలుగా నిద్ర లేదు. వయసు ఇరవై రెండేళ్లు, ఆయిల్ సుమారు 20,000 లీటర్లు. పీక్ లోడ్ టైంలో టాప్ ఆయిల్ (ట్యాంకు పైభాగంలోని ఆయిల్) 88 డిగ్రీలు చూపిస్తోంది, వైండింగ్ టెంపరేచర్ అలారం రోజూ మోగుతోంది. ఫ్యాన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి. లోడ్ తగ్గించే వీలు లేదు.

ఇంతలో మా పై ఆఫీసరు గారు ఎక్కడో ప్రజెంటేషన్ చూసొచ్చారు. ఆయిల్‌లో నానో కణాలు కలిపితే వేడి బాగా లాగేస్తుందట, పైగా బీడీవీ (ఆయిల్ ఇన్సులేషన్ తెగి స్పార్క్ పడే వోల్టేజీ) కూడా పెరుగుతుందట. "కొత్త రేడియేటర్లు ఎందుకు, ఇది కలిపేద్దాం, నోట్ రాసి పెట్టు" అన్నారు. రేపో మాపో రాయాలి. ఎవరైనా నిజంగా వాడారా? ఇది పనిచేసేదేనా? నా చేతుల మీదుగా ఆ ట్యాంకులో ఏదో పోసేసి, తర్వాత బాధపడటం నాకిష్టం లేదు.

బుషింగ్99
పోయకండి. ముందు పోయకండి. తర్వాత మాట్లాడుకుందాం.

రీసెర్చ్_మూడోఏడు
నా పీహెచ్‌డీ ఇదే సబ్జెక్టు, కాబట్టి నాకు తెలిసినది చెబుతాను. మినరల్ ఆయిల్‌లో 20 నానోమీటర్ల టైటానియం డయాక్సైడ్, లీటరుకు 0.1 గ్రాము. అల్ట్రాసోనిక్ ప్రోబ్‌తో రెండు గంటలు కలిపి, వాక్యూమ్‌లో ఆరబెట్టాం. పరీక్ష చేస్తే బీడీవీ సగటు 51 నుంచి 66 కేవీకి వెళ్లింది. ఆ రోజు నా సంతోషం చెప్పలేను.

ఐదు వారాల తర్వాత అదే సీసా తీశాను. కదపకుండా వెలుతురుకి పట్టి చూస్తే అడుగున గోరు మందాన తెల్లటి పొర. పైన ఉన్న ఆయిల్‌ని మెల్లగా తీసి పరీక్షిస్తే 49. కాబట్టి "పనిచేస్తుందా" అంటే పనిచేస్తుంది. "ఎన్నాళ్లు" అంటే అదే నా థీసిస్.

ఆయిల్‌ల్యాబ్
@రీసెర్చ్_మూడోఏడు, ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకమ్మా. ఆ 51 వచ్చిన మామూలు ఆయిల్‌ని కూడా రెండు గంటలు ప్రోబ్ కింద పెట్టి, అంతే సేపు వాక్యూమ్‌లో ఉంచావా? లేక డ్రమ్ములోంచి తీసినది తీసినట్టే పరీక్షించావా?

ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌కి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60296లోనే ఉంది: కొత్త ఆయిల్ డెలివరీ అయినప్పుడు కనీసం 30 కేవీ, అదే ఆయిల్‌ని ల్యాబ్‌లో శుద్ధి చేశాక కనీసం 70 కేవీ. అంటే పొడి ఏదీ కలపకుండానే, తేమా దుమ్మూ తీసేస్తే చాలు, రెట్టింపు దాటుతుంది. నా దగ్గరికి వచ్చే నానో శాంపిళ్లలో సగానికి ఈ పోలిక సరిగ్గా ఉండదు. పెరిగింది పొడి వల్లనా, ఆరబెట్టడం వల్లనా అన్నది తేలకుండానే గ్రాఫు గీసేస్తారు.

రీసెర్చ్_మూడోఏడు
మొదటి బ్యాచ్‌కి చేయలేదు. మీరు అడుగుతుంటే గుండె జారింది. రెండో బ్యాచ్‌కి రెండింటికీ ఒకే పద్ధతి పాటించాం. అప్పుడు తేడా 15 కేవీ కాదు, 7 కేవీ. తగ్గింది గానీ పోలేదు.

ఆయిల్‌ల్యాబ్
ఆ 7 మాట నమ్ముతాను. నిజాయితీగా వచ్చిన అంకె.

హీట్‌లెక్క
అసలు ప్రశ్న వేడి గురించి కదా, అందరూ బీడీవీ దగ్గర ఆగారు. కాగితం మీద లెక్క వేద్దాం.

మినరల్ ఆయిల్ ఉష్ణవాహకత మీటరుకు కెల్విన్‌కు 0.13 వాట్లు. నీటిది 0.6. అల్యూమినాది (అల్యూమినియం ఆక్సైడ్) 30 పైమాటే. చూడగానే "ఇంత తేడానా, కాస్త కలిపితే చాలు" అనిపిస్తుంది. అలా జరగదు. చుట్టూ ఆయిలే ఉంటుంది, కణాలు ఒకదాన్నొకటి తాకవు. మాక్స్‌వెల్ సూత్రం ప్రకారం ఘనపరిమాణంలో 1 శాతం కణాలు కలిపితే వాహకత పెరిగేది 3 శాతం. జిగట కూడా పెరుగుతుంది, ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం కనీసం 2.5 శాతం. కణాలు గుత్తులు కడితే ఇంకా ఎక్కువ.

ఆయిల్ తనంతట తాను పైకి లేచి కిందికి దిగే చోట, వేడి అందుకునే శక్తి వాహకత ముప్పావు ఘాతంతో పెరుగుతుంది, జిగట పావు ఘాతంతో తగ్గుతుంది. రెండూ కలిపి చూస్తే లాభం 2 శాతం లోపే. వైండింగ్‌కీ ఆయిల్‌కీ మధ్య 25 డిగ్రీల తేడా ఉందనుకుంటే అందులో తగ్గేది అర డిగ్రీ.

ఇప్పుడు ఆ 1 శాతం ఎంతో చూడండి. 20,000 లీటర్లలో 200 లీటర్ల ఘనపదార్థం. అల్యూమినా లీటరు దాదాపు 4 కిలోలు. అంటే 800 కిలోల పొడి! అర డిగ్రీ కోసం ట్యాంకులో 800 కిలోల పొడి.

బుషింగ్99
800 కిలోలు 😳 ఆ బస్తాలు ఎత్తడానికే క్రేన్ పిలవాలి.

మాగ్నెట్_పిచ్చి
@హీట్‌లెక్క మరీ పాత సూత్రాలతో కొట్టిపారేస్తున్నారు. నానోఫ్లూయిడ్ అన్న మాట 1995లో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ ల్యాబ్‌లో స్టీఫెన్ చోయ్ వాడినప్పటి నుంచీ ఎన్నో పేపర్లు మాక్స్‌వెల్ చెప్పినదానికంటే చాలా ఎక్కువ చూపించాయి. బ్రౌనియన్ చలనం ఉంది, కణం చుట్టూ ద్రవం పొర కట్టడం ఉంది.

హీట్‌లెక్క
చూపించాయి, కాదనను. అందుకే 2009లో ముప్పైకి పైగా సంస్థలు ఒకే రకం నమూనాలు పంచుకుని, ఎవరి పరికరంతో వాళ్లు కొలిచాయి. అసాధారణమైన పెరుగుదల దొరకలేదు. కణాలు బాగా విడివిడిగా ఉన్నచోట పాత సూత్రానికి దగ్గరగానే వచ్చింది. ఎక్కువ చూపించిన వాళ్లందరూ అబద్ధమాడారని నేననను. సన్నటి వేడి తీగతో కొలిచేటప్పుడు ద్రవం కాస్త కదిలినా అంకె పెరిగిపోతుంది, అదే ఇబ్బంది.

ఇంకో సంగతి. రేడియేటర్ దగ్గర వేడికి అసలు అడ్డు లోపల ఆయిల్ వైపు లేదు, బయట గాలి వైపు ఉంది. గాలి వైపు వేడి వదిలే సామర్థ్యం ఆయిల్ వైపు కంటే ఎన్నో రెట్లు తక్కువ. ఇరుకైన వాకిలి గాలి దగ్గరుంటే ఆయిల్ దగ్గర తలుపులు వెడల్పు చేసి ఏం లాభం?

వైండింగ్_తాత
నలభై ఏళ్లు వైండింగ్ షాపులో పనిచేశాను. పుస్తకాల లెక్కలు మీకు వదిలేస్తాను. @రాత్రిషిఫ్ట్ బాబూ, నువ్వు చెప్పనివి నాలుగున్నాయి. పక్కన దీనికి జోడీ ట్రాన్స్‌ఫార్మర్ ఉందా? ఉంటే అదే లోడ్‌లో దాని టాప్ ఆయిల్ ఎంత? రేడియేటర్ రెక్కల మధ్య చెయ్యి పెట్టి ఎన్నాళ్లయింది? రేడియేటర్ వాల్వులు ఎవరైనా తిప్పి చూశారా?

రాత్రిషిఫ్ట్
జోడీ ఉంది తాతగారూ. అదే రేటింగ్, అదే ఏడాది తయారీ. సమాంతరంగానే నడుస్తాయి, లోడ్ దాదాపు సమానం. దాని టాప్ ఆయిల్ 79. మాది పాతబడి అలా చూపిస్తోందనుకున్నాం. వాల్వులు చూడలేదు.

వైండింగ్_తాత
ఇద్దరిదీ ఒకే వయసైతే ఒకదానికే ముసలితనం ఎలా వస్తుంది బాబూ? తొమ్మిది డిగ్రీల తేడా ఆయిల్ గుణంలో లేదు. రేపు పొద్దున రేడియేటర్లన్నిటి పై పైపూ కింది పైపూ చేత్తో తాకి చూడు. దేనికైనా రెండూ ఒకేలా చల్లగా ఉంటే అందులో ఆయిల్ తిరగడం లేదు.

బుషింగ్99
తాతగారు వచ్చాక థ్రెడ్ దారిలో పడింది.

కొలాయిడ్_కెమిస్ట్
@రీసెర్చ్_మూడోఏడు చెల్లీ, నీ సీసా అడుగున పొర గురించి. 20 నానోమీటర్ల కణం ఒంటరిగా ఉంటే 40 డిగ్రీల ఆయిల్‌లో గురుత్వం వల్ల దిగేది ఏడాదికి రెండు మిల్లీమీటర్లు. అది కూడా బ్రౌనియన్ చలనం మళ్లీ పైకి చెదరగొట్టేస్తుంది. అంటే విడి కణం పడనే పడదు. పడింది గుత్తి. వేగం వ్యాసం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఒక మైక్రాన్ గుత్తి 2500 రెట్లు వేగంగా, రోజుకి ఒకటిన్నర సెంటీమీటర్లు దిగుతుంది. రెండు మీటర్ల ట్యాంకులో నాలుగైదు నెలలు చాలు.

ఆక్సైడ్ కణాల ఉపరితలం నిండా హైడ్రాక్సిల్ గుంపులు. వాటికి నీళ్లంటే ఇష్టం, ఆయిల్ అంటే పడదు. అందుకే ఒలియిక్ ఆమ్లం లాంటిది పూస్తాం. దాని తల కణానికి అతుక్కుంటుంది, తోక ఆయిల్‌లోకి చాచుకుంటుంది. సీసాలో గది ఉష్ణోగ్రత దగ్గర అది బాగానే నిలుస్తుంది. 90 డిగ్రీల దగ్గర, రాగీ, దానికి చుట్టిన ఇన్సులేషన్ కాగితమూ పక్కనుండగా ఏళ్ల తరబడి ఆ పూత నిలుస్తుందా అన్నదే నా దిగులు. ఒలియిక్ ఆమ్లం ఆక్సిడైజ్ అవుతుంది. పూతలో ఎక్కువైన భాగం ఆయిల్‌లో ఆమ్లత పెంచుతుంది, ఇంటర్‌ఫేసియల్ టెన్షన్ (ఆయిల్‌కీ నీటికీ మధ్య తలతన్యత) తగ్గిస్తుంది. ఆ రెండూ పెరిగిందా తగ్గిందా చూసే కదా మీరు ఆయిల్ వయసు చెప్పేది.

ఆయిల్‌ల్యాబ్
సరిగ్గా అదే. నా పరీక్షలన్నీ గందరగోళమైపోతాయి. ఐఈసీ 60296లో ఆయిల్ రూపం గురించి రాసిన మాటే "స్వచ్ఛంగా, మడ్డీ తేలియాడే పదార్థమూ లేకుండా ఉండాలి" అని. నానోఫ్లూయిడ్ అంటేనే తేలియాడే పదార్థం ఉన్న ఆయిల్. ఆదిలోనే హంసపాదు. మినరల్ ఆయిల్ బదులు వాడే ద్రవాల్లో సింథటిక్ ఎస్టర్‌కి 61099 ఉంది, సహజ ఎస్టర్‌కి 62770 ఉంది. దీన్ని దేని కింద పాస్ చేయమంటారు?

నా కళ్లతో చూసిన ఒక విషయం చెబుతాను. బీడీవీ పరీక్ష ప్రమాణం ఐఈసీ 60156 ప్రకారం 2.5 మిల్లీమీటర్ల గ్యాప్, సెకనుకి 2 కేవీ చొప్పున పెంచుతూ ఆరు బ్రేక్‌డౌన్లు, సగటు తీస్తాం. మామూలు ఆయిల్‌లో స్పార్క్ పడ్డాక సన్నటి నల్ల దారం కనిపించి, కలిపితే చెదిరిపోతుంది. ఒక నానో శాంపిల్‌లో రెండో స్పార్క్ తర్వాత ఎలక్ట్రోడ్ల మధ్య పాలలాంటి మసక నిలిచిపోయింది, కలిపినా పోలేదు. ఆరో రీడింగ్ మొదటిదాంట్లో మూడొంతుల్లో రెండు వంతులే. పరీక్ష అయ్యాక ఎలక్ట్రోడ్‌ని తెల్ల గుడ్డతో తుడిస్తే బూడిద రంగు అంటింది. సగటు మాత్రం బాగానే వచ్చింది, రిపోర్టులో అదే వెళ్లింది. ట్రాన్స్‌ఫార్మర్ పేలేది సగటు దగ్గర కాదు, అన్నిటికంటే తక్కువ వచ్చిన రీడింగ్ దగ్గర.

ఫిల్టర్‌మెషీన్
నాదొక చిన్న ప్రశ్న. ట్యాప్ ఛేంజర్ డైవర్టర్ (లోడ్ ఉండగానే వోల్టేజీ సర్దే స్విచ్) ఆయిల్‌లో కార్బన్ పొడి సన్నగా తేలుతూనే ఉంటుంది. దాని బీడీవీ పడిపోతుంది, మార్చేస్తాం. మరి ఈ నానో పొడి మాత్రం బీడీవీ ఎలా పెంచుతుంది? రెండూ పొడే కదా?

రీసెర్చ్_మూడోఏడు
ఇన్నాళ్లలో నన్ను ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. డైవర్టర్ కార్బన్ గుత్తులుగా, మైక్రాన్ల సైజులో ఉంటుంది, తేమని పట్టుకుంటుంది. ఫీల్డ్‌లో అవి వరుస కట్టి ఒక ఎలక్ట్రోడ్ నుంచి ఇంకోదానికి వంతెన వేస్తాయి. బ్రేక్‌డౌన్ ఆ వంతెన మీదుగా నడిచిపోతుంది.

విడివిడిగా ఉన్న నానో కణం సంగతి వేరు. ఆయిల్‌లో స్ట్రీమర్ (బ్రేక్‌డౌన్‌కి ముందు పాకే సన్నటి మెరుపు దారం) పాకేది ముందున్న అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి వేగంగా వెనక్కి పోవడం వల్ల. దారిలో కణం ఉంటే ఎలక్ట్రాన్‌ని పట్టేసుకుంటుంది. చురుకైన ఎలక్ట్రాన్ కాస్తా మందకొడి రుణావేశ కణం అయిపోతుంది. స్ట్రీమర్ నెమ్మదిస్తుంది. ఎంఐటీ వాళ్లు 2010 ప్రాంతంలో ఇచ్చిన వివరణ ఇది. వాళ్ల లెక్కలో మాగ్నెటైట్ (అయస్కాంత గుణమున్న ఐరన్ ఆక్సైడ్) కణం ఆవేశం అందుకునే సమయం దాదాపు 75 ఫెమ్టోసెకన్లు, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతులో పదో వంతు కూడా కాదు. అల్యూమినాకి 42 సెకన్లు. స్ట్రీమర్ పని మైక్రోసెకన్లలో అయిపోతుంది.

కొలాయిడ్_కెమిస్ట్
అలాగైతే అల్యూమినా ఏమీ చేయకూడదు. కానీ అల్యూమినాతో, సిలికాతో కూడా ఏసీ బీడీవీ పెరిగిన ఫలితాలు ఉన్నాయి. ఎంఐటీ వివరణ ఇంపల్స్‌కి (పిడుగులాంటి క్షణకాలపు వోల్టేజీకి) నప్పుతుంది, అన్నిటికీ నప్పదు. సిలికా విషయంలో నాకు తోచేది ఒక్కటే: ఆ హైడ్రాక్సిల్ గుంపులు ఆయిల్‌లో తేమని తమ మీదికి లాక్కుంటాయి. తేమ ఉన్న ఆయిల్‌లోనే లాభం స్పష్టంగా కనిపించడానికి కారణం అదే.

రీసెర్చ్_మూడోఏడు
అక్కా, ఒప్పుకుంటాను. టైటానియా వాళ్లు ఉపరితలం మీద ఉండే లోతు తక్కువ ట్రాప్‌ల (ఎలక్ట్రాన్ చిక్కుకునే గుంటల) గురించి చెబుతారు. ఎలక్ట్రాన్ పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఒక్క సిద్ధాంతం అందరికీ సరిపోవడం లేదు.

మాగ్నెట్_పిచ్చి
మాగ్నెటైట్ పేరు వచ్చింది కాబట్టి నా వంతు. ఫెర్రోఫ్లూయిడ్, అంటే అయస్కాంత కణాలు కలిపిన ద్రవం, కొత్తదేం కాదు, 1963లో నాసాలో స్టీవ్ పేపెల్ రాకెట్ ఇంధనం కోసం చేశాడు. ట్రాన్స్‌ఫార్మర్‌లో అది రెండు పనులు చేస్తుంది. చల్లగా ఉన్న ద్రవానికి అయస్కాంతత్వం ఎక్కువ, వేడెక్కితే తక్కువ. కాబట్టి లీకేజ్ ఫ్లక్స్ (కోర్ దాటి బయటికి వచ్చే అయస్కాంత క్షేత్రం) ఉన్న చోటికి చల్లటి ద్రవం లాగబడుతుంది, వేడి ద్రవం పక్కకి తోయబడుతుంది. పంపు లేకుండా అదనపు ప్రసరణ! హీట్‌లెక్క గారి మాక్స్‌వెల్ సూత్రంలో ఇది లేదు.

ఇక ఇన్సులేషన్. ఒక అంగుళం గ్యాప్‌లో పాజిటివ్ ఇంపల్స్ బ్రేక్‌డౌన్ 86 కేవీ నుంచి 157 కేవీకి పెరిగింది. దాదాపు రెట్టింపు. విద్యుత్తు పారే పొడిని కలిపితే ఇన్సులేషన్ రెట్టింపవడం! నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆయిల్‌ల్యాబ్
అదే పట్టికలో కింది వరుస కూడా చెప్పండి. నెగటివ్ ఇంపల్స్‌లో 170 నుంచి 154కి తగ్గింది.

మాగ్నెట్_పిచ్చి
తగ్గింది, నిజమే. కానీ మామూలు ఆయిల్‌లో బలహీనమైనది పాజిటివ్ వైపే, 86. బలహీనమైన వైపు బలపడితే మొత్తానికి మేలే కదా? ఇప్పుడు రెండు వైపులా 150 పైనే.

ఆయిల్‌ల్యాబ్
ఆ మాట సబబే. దీనికి తలవంచుతాను.

హీట్‌లెక్క
థర్మోమాగ్నెటిక్ ప్రసరణని నేను లెక్కలో వేయలేదు, అది నా లోటే. చిన్న మోడల్ ట్రాన్స్‌ఫార్మర్లలో అది కనిపిస్తుంది. కానీ దానికి కూడా కణాలు గణనీయంగా కావాలి.

ఈ థ్రెడ్ చదువుతుంటే నాకు స్పష్టమైనది ఒకటుంది, @రాత్రిషిఫ్ట్ గారు తన నోట్‌లో రాయాల్సింది కూడా అదే అనుకుంటాను. బీడీవీ లాభం వచ్చేది లీటరుకు 0.1 గ్రాము లాంటి మోతాదులో. 20,000 లీటర్లకి 2 కిలోలు. ఆ మోతాదులో కూలింగ్ లాభం సున్నా అనుకోవచ్చు. కూలింగ్‌కి ఎంతోకొంత కావాలంటే వందల కిలోలు. ఆ మోతాదులో గుత్తులు కట్టి బీడీవీ పడిపోతుంది. ప్రజెంటేషన్‌లో రెండు లాభాలూ ఒకే స్లైడ్ మీద పెట్టి ఉంటారు. ఒకే ట్యాంకులో మాత్రం రెండూ ఒకేసారి దొరకవు.

ఫిల్టర్‌మెషీన్
నాకు కావాల్సిన జవాబు దొరికింది. ఇంకోటి: మా మెషీన్ ఫిల్టర్ ఒక మైక్రాన్. విడి కణాలు దూరిపోతాయి, గుత్తులు ఆగిపోతాయి. అంటే ఒక్కసారి ఫిల్టర్ చేస్తే ఎంత పొడి మిగిలిందో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత అదే మెషీన్ ఇంకో ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలిస్తాం, హోసుల్లో మిగిలింది దాంట్లోకి పోతుంది.

వైండింగ్_తాత
పీసీబీ (ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లలో పోసిన పాలీక్లోరినేటెడ్ బైఫినైల్ ద్రవం) అలాగే పాకింది. 1930ల్లో దాన్ని దేవుడిచ్చిన ద్రవం అన్నారు, అంటుకోదు, పాడవదు అని. అమెరికాలో 1979లో నిషేధించారు, 2001లో స్టాక్‌హోమ్ ఒప్పందంలో చేర్చారు. అప్పటికి ఉమ్మడి ఫిల్టర్ మెషీన్ల వల్ల, అసలు పోయని ట్రాన్స్‌ఫార్మర్లలోకి కూడా చేరింది. నానో పొడి అంత విషమని నేననడం లేదమ్మా. పోసే ముందు తీసే దారి తెలిసి ఉండాలంటున్నాను. వైండింగ్ డక్టులు మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉంటాయి. డిస్కుల మీద అడ్డంగా పొర కడితే ఏ మెషీనూ దాన్ని బయటికి లాగలేదు. చల్లబడాలని పోసింది దుప్పటి అయి కప్పుకుంటుంది.

బుషింగ్99
ఎస్టర్ ఆయిల్ మార్చుకుంటే? అది సురక్షితం కదా.

ఆయిల్‌ల్యాబ్
మంట విషయంలో సురక్షితం. ఫైర్ పాయింట్ 300 డిగ్రీల పైన, మినరల్ ఆయిల్‌ది 170 దరిదాపుల్లో. కాగితంలోని తేమని కూడా బాగా పీల్చుకుంటుంది. కానీ జిగట 40 డిగ్రీల దగ్గర మూడు రెట్లకు పైగా ఉంటుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్‌లో పోస్తే వేడి తగ్గదు, కొన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఈయన సమస్యకి అది మందు కాదు.

రాత్రిషిఫ్ట్
అందరికీ చెప్పాలి. పొద్దున ఆరింటికే వెళ్లాను. ఎనిమిది రేడియేటర్లలో ఆరు బాగానే ఉన్నాయి, పైపు వేడి, కిందికొచ్చేసరికి కాస్త తక్కువ. ఏడోదీ ఎనిమిదోదీ పైనా కిందా ఒకే చల్లదనం. చెయ్యి అలాగే పెట్టుకుని నిలబడిపోయాను. రెండేళ్ల క్రితం గ్యాస్కెట్ మార్చినప్పుడు కింది వాల్వులు మూసి, తెరవడం మరిచిపోయారు. మీద పెయింట్ కూడా వేసేశారు, హ్యాండిల్ ఏ వైపుందో కనిపించలేదు. మిగతా ఆరింటి రెక్కల మధ్య వేళ్లకి నల్లటి జిడ్డు దుమ్ము అంటింది.

షట్‌డౌన్ తీసుకుని, గాలి తీసేసి, వాల్వులు తెరిచి, రెక్కలు కడిగించాం. నిన్న అదే లోడ్‌కి టాప్ ఆయిల్ 80. అలారం మోగలేదు.

వైండింగ్_తాత
శభాష్. ఎనిమిది డిగ్రీలంటే చిన్నమాట కాదు బాబూ. హాట్‌స్పాట్, అంటే వైండింగ్‌లో అన్నిటికంటే వేడి చోటు, 98 డిగ్రీల నుంచి పెరిగే ప్రతి ఆరు డిగ్రీలకీ మామూలు కాగితం అరిగే వేగం రెట్టింపవుతుంది. ఈ రెండేళ్లలో వేడి కాగితాన్ని ఎంత తిందో తెలియాలి. ఆయిల్ శాంపిల్ తీసి ఫ్యూరాన్ (కాగితం చెడితే ఆయిల్‌లోకి వచ్చే రసాయనం) పరీక్షకి పంపు.

రాత్రిషిఫ్ట్
శాంపిల్ ఈ రోజే పంపుతున్నాను తాతగారూ. పై ఆఫీసరు గారికి హీట్‌లెక్క గారి 800 కిలోల లెక్క చూపించాను. రెండుసార్లు చదివి, నోట్ అక్కర్లేదన్నారు. ఇంకా ముచ్చటేమిటంటే జోడీ ట్రాన్స్‌ఫార్మర్ వాల్వులు కూడా తనే వచ్చి చూస్తానన్నారు.

రీసెర్చ్_మూడోఏడు
చాలా సంతోషం. నా దారి మాత్రం నేను వదలను. ఆ 7 కేవీ నిజమైతే కొత్తగా డిజైన్ చేసే ట్రాన్స్‌ఫార్మర్‌లో క్లియరెన్స్ (భాగాల మధ్య ఇన్సులేషన్ దూరం) తగ్గించవచ్చు, బరువు తగ్గుతుంది. పాతదాంట్లో పోయడం వేరు, దానికోసమే కట్టిన దాంట్లో పోయడం వేరు.

@కొలాయిడ్_కెమిస్ట్ అక్కా, తర్వాతి బ్యాచ్ ఎలా పెట్టమంటారు?

కొలాయిడ్_కెమిస్ట్
నాలుగు సీసాలు, వాటిలో నైట్రోజన్ నింపి మూతలు బిగించు. మామూలు ఆయిల్ ఒకటి, నానో ఒకటి. మిగతా రెండింట్లోనూ అవే, కానీ ఆరబెట్టిన ప్రెస్‌బోర్డు (ఇన్సులేషన్ అట్ట) ముక్క, రాగి రేకు కూడా వెయ్యి. అన్నీ 90 డిగ్రీల ఓవెన్‌లో. నెలకోసారి తీసి, కదపకుండా పై భాగం నుంచి, అడుగు నుంచి వేరువేరుగా శాంపిల్ తియ్యి. ప్రెస్‌బోర్డు ముక్కని చివర్లో కోసి, పొడి లోపలికి ఎంత దూరం వెళ్లిందో మైక్రోస్కోపు కింద చూడు.

ఆయిల్‌ల్యాబ్
ఆరు రీడింగులూ విడివిడిగా రాయి. ఒక్కటీ కొట్టెయ్యకు. బీడీవీ, ఆమ్లత, టాన్ డెల్టా (ఆయిల్‌లో విద్యుత్ నష్టం కొలత) నా దగ్గర చేసి పెడతాను, పంపించు.

రీసెర్చ్_మూడోఏడు
సీసాలు ఈ రోజు కడిగి ఆరబెట్టాను. ప్రెస్‌బోర్డు వాక్యూమ్‌లో ఉంది. సోమవారం ఓవెన్‌లో పెడుతున్నాను, మొదటి నెల అంకెలు ఇక్కడే వేస్తాను.